ముప్పై ఎనిమిది మంది షుబుర్లు

షుబుర్ ఎక్కడికీ తను వెళ్ళేవాడు కాదు, తన బొమ్మను పంపేవాడు. ఇది తప్ప ఆ మనిషిలో ఎంచదగ్గ లోపం ఇంకొకటి లేదు. కానీ ఈ ఒక్కటే పది మంది లోపాల పెట్టు.

పెళ్ళికి పిలిస్తే బొమ్మ వచ్చేది. చావుకి కబురు పెడితే బొమ్మ వచ్చేది. మూరెడు ఎత్తు, పచ్చి మట్టిది, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, గుల్ల చిప్పల కళ్ళతో, తారుతో దిద్దిన కనుగుడ్లతో ఏ గాడిద మీదనో, ఏ ఉల్లిపాయల పడవలోనో వచ్చి దిగేది. తోలుకొచ్చినవాడు దాన్ని గుమ్మంలో పెట్టి, "ఇదుగో షుబుర్ వచ్చాడు, కూర్చోబెట్టండి" అని తన దారిన తను పోయేవాడు. అందుకని ఆ కాలువ ఊళ్ళో ఎవరింటికి ఎవరు చుట్టపు చూపుగా వెళ్ళినా, "నువ్వొచ్చావా, నీ మట్టొచ్చిందా?" అని అడగడం ఒక మర్యాద అయిపోయింది.

షుబుర్‌ది ఇటుకలు కోసే పని. తల్లి లేని పిల్లవాడని పక్కింటి నమ్మాహు చిన్నప్పుడు చంకన వేసుకుని తిప్పింది. అతను పెరిగి నలభై ఏళ్ళవాడయ్యాడు, బట్టతలవాడయ్యాడు. ఆమె మొగుడు పోయాక గులా తల్లి గుడిలో పనికి కుదిరింది. పని ఏమిటంటే, గర్భగుడిలో గోడవారగా ఉన్న అరుగుల మీది బొమ్మలకి రోజూ దుమ్ము దులపడం. ఇల్లూ వాకిలీ ఉన్న ప్రతివాడూ తన బొమ్మ ఒకటి చేయించి ఆ అరుగు మీద పెట్టుకునేవాడు. మనిషి పొలంలో ఉంటే బొమ్మ అతని బదులు కళ్ళు విప్పుకుని తల్లి ముందు నిలబడి దండం పెడుతూ ఉంటుంది. అందులో వింతేమీ లేదు, తాతల నాటి నుంచీ ఉన్నదే. వింత పుట్టించినవాడు షుబుర్.

"గులా తల్లి ముందు నా బదులు మట్టి నిలబడితే చెల్లుతుందా లేదా అక్కా?" అన్నాడొకసారి.

"చెల్లుతుంది."

"మరి నా బావమరిది ముందు కూర్చుంటే ఎందుకు చెల్లదు? వాడు గులా తల్లి కంటే గొప్పవాడా?"

"గులా తల్లికి ఓపిక ఉందిరా. నీ బావమరిదికి లేదు."

అది నిజమే. కొత్త బార్లీ ఇంటికొచ్చిన పండక్కి బావమరిది భోజనానికి పిలిస్తే షుబుర్ బొమ్మను పంపాడు. బావమరిదికి ఒళ్ళు మండింది. అయినా వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెడితే బాగుండదని, దాన్ని తెచ్చి బార్లీ కల్లు కుండ దగ్గర అందరి మధ్యా కూర్చోబెట్టాడు, నోటి దగ్గర ఒక రెల్లు గొట్టం కూడా ఆనించాడు. మర్నాడు షుబుర్ కబురు పెట్టాడు. "నిన్న నేను ఎంత తాగాను?" అని. బావమరిది "ఒక్క చుక్క తాగలేదు" అని కబురు పంపితే, "అయితే నా వాటా మిగిలే ఉంటుంది, పంపించు" అని తిరుగు కబురు వచ్చింది. బావమరిది రెండు నెలలు ఆ వీధి తొక్కలేదు.

అత్తగారు పోయినప్పుడు ఏడవడానికి పంపిన బొమ్మకి ముఖం మీద రెండు కాలువలు గీసి, కరగకుండా ఒళ్ళంతా తారు పూసి, నెత్తిన చిల్లులున్న నీళ్ళ కుండ పెట్టాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అది ఏకధాటిగా ఏడ్చింది. చుట్టాలంతా మధ్యమధ్య లేచి రొట్టె తినొచ్చారు కానీ అది లేవలేదు. "అల్లుడంటే అలా ఉండాలి" అని ముసలివాళ్ళు మెచ్చుకున్నారు. పెళ్ళాం నినుమా మాత్రం తలుపు చాటుకి వెళ్ళి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా చాలాసేపు ఉండిపోయింది.

కాలువ పూడిక తీసే వెట్టికి ఇంటికో మనిషి రావాలంటే, షుబుర్ ఇంటి నుంచి రెండు వందల ఇటుకలూ ఒక బొమ్మా వెళ్ళాయి. మేస్త్రికి ఇటుకలు కావలసే ఉన్నాయి కాబట్టి నోరు మెదపకుండా బొమ్మను వరసలో, మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టాడు. పొద్దు వాలే వేళకి మేస్త్రే ఇంటికొచ్చి నినుమాతో చెప్పాడు.

"మీ ఆయన ఇవాళ ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడమ్మా. పాపం, కరిగిపోయాడు."

ఇవన్నీ ఊరికి నవ్వులాట. నమ్మాహుకి మాత్రం నడుం నొప్పి. ఎందుకంటే షుబుర్ బొమ్మలు చుట్టాల ఇళ్ళకి ఒక్కొక్కటిగా వెళ్తే, గుడికి మాత్రం నెలకొకటి, రెండు నెలలకొకటి వస్తూనే ఉన్నాయి. వచ్చినవి తిరిగి వెళ్ళేవి కావు. అయిదేళ్ళలో ఉత్తరం వైపు అరుగంతా షుబుర్లే. ఊరంతటికీ మనిషికొక బొమ్మ ఉంటే అతనికి ముప్పై ఏడు.

"ఏం పాపాలు చేశావురా ఇంతమంది దండం పెట్టుకోవడానికి?" అని ఆమె సాధించేది.

"చేసినవి కొన్ని, చేయబోయేవి కొన్ని అక్కా."

"పోనీ ఒక్కటైనా నీ పోలికలో ఉందా? ఇటుకలు కోసే చేత్తో ముక్కులు చేస్తే ఇలాగే ఉంటుంది. దీనికి జడేమిటి?"

"అప్పట్లో నాకు జుట్టుండేది కదా."

"నీకు ఎప్పుడూ ఇంత పొడుగు జుట్టు లేదు. దీనికి గూని ఎందుకుంది?"

"ఆ నెల ఇటుకలు ఎక్కువ మోశాను."

"దీని కళ్ళు ఇంతేసి ఉన్నాయేంటి? ముఖంలో సగం కళ్ళే."

"అది నేను ఆశ్చర్యపోయినప్పటిది."

ఆమె ఈత మట్ట చీపురుతో ఒక్కొక్క షుబుర్‌నీ దులుపుతూ, ఒక్కొక్కడికీ రెండేసి తిట్లు వడ్డిస్తూ పోయేది. మధ్యలో ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "అన్ని చోట్లకీ నీ బొమ్మే పోతే, ఆ వేళప్పుడు నువ్వేం చేస్తావురా?"

"నిద్రపోతాను" అన్నాడు షుబుర్, తాపీగా కూడా కాదు, గర్వంగా.

అది విని నినుమా తర్వాత నమ్మాహు చెవిలో వేసింది. "నిద్రే అయితే ఇంట్లో కనపడాలి కదా వదినా. మంచం ఖాళీగా ఉంటుంది." నమ్మాహు దానికి తలా తోకా తెలియక మళ్ళీ చీపురు అందుకుంది.

ముప్పై ఎనిమిదో షుబుర్ వచ్చిన రోజున గుడి గుడంతా నవ్వింది. ఆ షుబుర్ చంకలో పసిపాప ఉంది.

"ఎప్పుడు కన్నావురా?" అంది నమ్మాహు.

ఆ రోజు షుబుర్ నవ్వలేదు. గుడి గుమ్మం బయట నిలబడి, "అక్కా, దీన్ని వెనక వరసలో పెట్టకు. తల్లికి ఎదురుగా పెట్టు. ఈ ఒక్కసారికి నా మాట విను" అన్నాడు. ఆమె గొణుక్కుంటూనే ముందుకి జరిపింది. ఒరే తమ్ముడూ, నీకు మతి పోయింది అనుకుంది.

సరిగ్గా మూడో రోజున ఆలయ పెద్ద ఎన్షు పిడుగులాంటి ఆజ్ఞ తెచ్చాడు. ఎన్షు చెడ్డవాడు కాడు, గొంతు పెద్దది, అంతే. నగరం నుంచి పాలకుడి భార్య తనవీ తన పిల్లలవీ రాతి బొమ్మలు పడవలో పంపుతోందట. అరుగుల మీద చోటు కావాలి. కాబట్టి ఇక నుంచి మనిషికి ఒక్క బొమ్మే. మిగిలినవి గుడి నేల కింద గొయ్యి తీసి పూడ్చేయాలి. తల్లికి ఇచ్చిన వస్తువు కాబట్టి పగలగొట్టడానికి వీల్లేదు, పడుకోబెట్టి మట్టి కప్పాలి.

ఊళ్ళో ఒక్కడికే ఒకటి కంటే ఎక్కువున్నాయి. ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం ఎన్షు పిలిపిస్తే షుబుర్ గుడికి వచ్చాడు. బొమ్మ కాదు, మనిషే. దారిలో ఆడవాళ్ళు కుండలు దించి చూశారు. గుడి వాకిట్లో ఒకాయన దగ్గరకొచ్చి భుజం గిల్లి మరీ చూసుకున్నాడు.

"రేపు మధ్యాహ్నానికి గొయ్యి తయారవుతుంది" అన్నాడు ఎన్షు. "ఈ ముప్పై ఎనిమిదిలో ఒకటి ఏరుకో."

"అన్నీ ఉండనివ్వండి అయ్యగారూ. అన్నీ నేనే."

"ఇది నువ్వా? దీనికి రొమ్ములున్నాయి."

"ఆ ఏడు కాస్త ఒళ్ళు చేశాను."

"ఇది? దీనికి ఒక కాలు పొట్టి."

"అరుగు వాలుగా ఉంది అయ్యగారూ, అందుకని."

"ఈ చంటిపిల్లేమిటి?"

షుబుర్ జరిగి ఆ బొమ్మకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్కటి ఏరుకో" అన్నాడు ఎన్షు. "లేదా అన్నీ గోతిలోకే."

ఆ సాయంత్రం నమ్మాహు చివరిసారిగా అన్నిటినీ శుభ్రంగా తుడుద్దామని కూర్చుంది. అయిదేళ్ళు తిట్టిన ముఖాలు, మర్నాటి నుంచి ఉండవంటే ఆమెకి ఎందుకో చెయ్యి ఆడలేదు. చంటిపిల్ల ఉన్న షుబుర్‌ని ఒళ్ళోకి తీసుకుంది. అన్నేళ్ళలో దుమ్ము పైపైనే దులిపింది కానీ ఒక్క బొమ్మనైనా తిరగేసి చూసింది లేదు. అడుగున ఉన్ని గుడ్డ పెట్టి తుడవబోయి ఆగిపోయింది.

అడుగు మట్టిలో ఒక బొటనవేలి ముద్ర ఉంది, సన్నటిది, ఆడదాని వేలు. దాని పక్కన ఒక పాదం ముద్ర. అయిదు వేళ్ళూ కలిపి ఖర్జూరపు కాయంత లేవు.

ఆమె గబగబా ఇంకొకటి తిప్పింది, వేరే వేలు. మరొకటి, ఇంకో వేలు, గోరు సగం లేదు. మరొక దాని కింద బొటనవేలే లేదు, మొత్తం అరచెయ్యి, కాయలు కాచిన గరుకు చెయ్యి. ముప్పై ఎనిమిదీ తిప్పింది. ముప్పై ఎనిమిది మంది. ఇటుకలు కోసే వెడల్పాటి షుబుర్ వేలు ఒక్కదాని కిందా లేదు.

ఆమె గుడి తలుపు వేసి, తిన్నగా షుబుర్ ఇటుకల పెరట్లోకి వెళ్ళి అతని ఎదురుగా చతికిలబడింది.

"నా చంకలో పెరిగిన వెధవ్వి, నాకే అబద్ధం చెప్తావా? ఎవరురా వాళ్ళంతా?"

షుబుర్ అచ్చులో మట్టి నొక్కుతూనే చెప్పాడు. సగం మంది నేతసాల ఆడవాళ్ళు, తూర్పు కొండల నుంచి చెరపట్టి తెచ్చినవాళ్ళు. వాళ్ళకి గుడి గడప దాటే హక్కు లేదు, బొమ్మ పెట్టుకునే హక్కు అంతకన్నా లేదు. కొందరు ఉల్లి తోటకి నీళ్ళు తోడే గుడ్డివాళ్ళు. ఒకడు మంచం పట్టిన పడవవాడు. అందరికీ రోగాలున్నాయి, రోగాలు నయం చేసే తల్లి గోడకి అవతలే ఉంది, గోడ దాటే దారి లేదు.

"ఇల్లున్నవాడి పేరు మీదైతే బొమ్మ లోపలికి పోతుంది కదా అక్కా. నాకు ఇల్లుంది."

"చుట్టాల ఇళ్ళకి బొమ్మని పంపి నువ్వు..."

"వాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి. ముఖం చూడకుండా ముక్కు ఎలా చేస్తాను? పండగ రోజునే నేతసాలకి కాపలా తగ్గుతుంది. ఆ కళ్ళ బొమ్మ తోటలో లుగిర్‌ది. పుట్టుగుడ్డి. కళ్ళు బాగా పెద్దవి పెట్టరా, అక్కడైనా తల్లిని చూస్తాను అన్నాడు."

నమ్మాహు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కళ్ళనే కదా రోజూ వెక్కిరించింది.

"మరి ఆ చంటిపిల్ల?"

"నేతసాలలో షిల్హా అని ఉంది. దాని కూతురికి మూడేళ్ళు. తొమ్మిది రోజులుగా జ్వరం దిగలేదు. బొమ్మ తల్లి ఎదుట ఉందని తెలిసిన దగ్గర్నుంచి షిల్హా కాస్త గంజి తాగుతోంది, పిల్లకి తాగిస్తోంది. రేపు పూడ్చేశారని తెలిస్తే..." అతను అచ్చు పక్కన పెట్టేశాడు. "దానికి ఏం చెప్పను అక్కా? దాని బదులు ఏ బొమ్మను పంపను?"

మర్నాడు మధ్యాహ్నానికి గుడి నేల మధ్య గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. కూలీలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వినోదం చూడ్డానికి వాకిట్లో సగం ఊరు, అందరికన్నా ముందు బావమరిది.

"ఊఁ, నీ బొమ్మ ఏదో చూపించు" అన్నాడు ఎన్షు.

షుబుర్ వరస పొడుగునా నడిచాడు. ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి, తిరిగి వచ్చి నిలబడ్డాడు.

"ఇందులో నాది లేదు అయ్యగారూ."

"అంటే?"

"చేసుకుందామనుకున్నాను. ప్రతిసారీ ఇంకెవరికో ఒకరికి ఒంట్లో బాగుండకపోయేది. అరుగు మీద చోటు చాలలేదు."

వాకిట్లో ఎవరో నవ్వబోయి మానుకున్నారు. ఎన్షు ఎర్రబడ్డాడు. ఎవరివి, ఎలా వచ్చాయి అని కేకలు వేశాడు. గడప దాటకూడని వాళ్ళు గర్భగుడిలో నిలబడ్డారా అని గుండెలు బాదుకున్నాడు. అప్పుడు నమ్మాహు చీపురు చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది.

"గడప ఎవరూ దాటలేదు అయ్యగారూ. మట్టి దాటింది. నా చేతులతో నేనే మోసుకొచ్చి పెట్టాను. తప్పైతే నాది. కానీ తమరి ఆజ్ఞ ఏమిటి? మనిషికి ఒక్క బొమ్మ. తిప్పి చూడండి, ముప్పై ఎనిమిది వేళ్ళున్నాయి. మనిషికి ఒక్కటే ఉంది. ఆజ్ఞ ఎక్కడా తప్పలేదు."

"వాళ్ళకి హక్కు లేదు."

"హక్కుల సంగతి నాకు తెలియదు, నేను దుమ్ము దులిపేదాన్ని. అయితే అయిదేళ్ళుగా తల్లి వీళ్ళని చూస్తోంది. పాపని ఎత్తుకున్నదాన్ని మూడు రోజులుగా చూస్తోంది. రేపు పొద్దున కళ్ళు విప్పి, నా దగ్గరికి జ్వరం పిల్లని తెచ్చినామె ఏదీ అని అడిగితే తమరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? నాకైతే నోరు రాదు."

ఎన్షు పాపని ఎత్తుకున్న బొమ్మను చేతిలోకి తీసుకుని తిరగేశాడు. ఆ చిన్న పాదాన్ని చాలాసేపు చూశాడు. పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో ఏమో, బొమ్మను ఎక్కడి నుంచి తీశాడో అక్కడే, తల్లికి ఎదురుగా పెట్టాడు. ఇంకొంచెం ముందుకి జరిపాడు కూడా.

"మరి పాలకుడి భార్య బొమ్మలు నా నెత్తిన పెట్టుకోనా?"

"పడమటి గోడకి అరుగు లేదు కదా అయ్యగారూ" అంది నమ్మాహు. "ఇటుకలవాడు ఎదురుగానే ఉన్నాడు."

ఎన్షు షుబుర్ వైపు తిరిగి వేలు చూపించాడు. "అరుగు నువ్వు కట్టాలి. పడవ వచ్చేలోగా కట్టాలి. ఇదిగో, నువ్వు అంటే నువ్వే. నీ బొమ్మ వచ్చి నిలబడిందంటే ఆ గోతిలో నిన్ను పడుకోబెడతాను."

షుబుర్ నాలుగు రోజులు స్వయంగా వచ్చి పనిచేశాడు. రోజూ జనం పని మానుకుని వచ్చి చూసి వెళ్ళారు. రెండో రోజున బావమరిది కూడా వచ్చి మట్టి తొక్కడం మొదలుపెట్టాడు. అరుగు ఆరేలోగానే షిల్హా కూతురికి చెమట పట్టి జ్వరం దిగింది. తల్లి చేసిందో, గంజి చేసిందో ఎవరూ వాదించుకోలేదు.

నేతసాల గుమ్మం దగ్గర షిల్హా గుప్పెడు ఖర్జూరాలు పంచింది. షుబుర్‌ని పిలిస్తే షుబురే వెళ్ళాడు. బక్కచిక్కిన ఆ పిల్ల అతని దాకా నడిచి వచ్చి, పొట్టలో వేలు పెట్టి గట్టిగా పొడిచి, మెత్తగా ఉందని తేల్చుకుని, "ఇది మట్టి కాదమ్మా, వచ్చాడు" అని తల్లికి చెప్పింది.

కొత్త అరుగు మీద రాతి బొమ్మలు దిగాక ఒక మూల జానెడు చోటు మిగిలింది. తోటలో లుగిర్ తన చేతులతో షుబుర్ ముఖమంతా తడుముకుని ఒక బొమ్మ చేసి పంపాడు. అడుగున ముప్పై తొమ్మిది ముద్రలున్నాయి, వాటిలో ఒకటి చిన్న పాదం. ముక్కు, బట్టతల, గడ్డం అచ్చు గుద్దినట్టు అతనే. ఒక్కటే తేడా. గుడి బొమ్మలన్నీ గుడ్లప్పగించి చూస్తుంటే, దీని కళ్ళు మూసుకుని ఉన్నాయి.

ఎన్షు దాన్ని చూసి గుడి అదిరేలా అరిచాడు. "ఇదేమిటి? తల్లి ఎదుట నిద్రా?"

"నెమ్మదిగా మాట్లాడండి అయ్యగారూ" అంది నమ్మాహు, ఉన్ని గుడ్డతో ఆ బట్టతల తుడుస్తూ. "అయిదేళ్ళు ముప్పై ఎనిమిది మంది పని ఒక్కడే చేశాడు. కాస్త పడుకోనివ్వండి."

ఎన్షు అడుగుల చప్పుడు కాకుండా బయటికి నడిచాడు.